మూడో మాత్ర రాసే ముందు గురక సంగతి అడగండి

విశాఖ గాజువాకలో మెడికల్ షాపు పెట్టుకుని కూర్చున్నవాడికి డాక్టర్లకు కూడా అంతగా కనపడని విషయం ఒకటి కనపడుతుంది. ఒకే మనిషి బీపీ చీటీ ఏటేటా ఎలా పొడుగవుతుందో. మొదట ఆమ్లోడిపిన్ 5 ఒక్కటే ఉంటుంది. తర్వాత టెల్మిసార్టాన్ 40 తోడవుతుంది. ఆ 40 కాస్తా 80 అవుతుంది. ఆపైన రెండూ కలిసిన బిళ్ల, ఇంకొన్నాళ్లకు క్లోర్‌థాలిడోన్ కూడా చేరి మూడూ కలిసిన బిళ్ల. అదీ చాలకపోతే స్పైరనోలాక్టోన్. మధ్యలో డాక్టరు మారతారు, ఆసుపత్రి మారుతుంది, గాజువాకలో లాభం లేదని రామ్‌నగర్ వెళ్లొస్తారు. బీపీ మాత్రం పైది 160 దగ్గరే కూర్చుని ఉంటుంది.

కారణాలు అందరి దగ్గరా సిద్ధంగా ఉంటాయి. “టెన్షనండీ.” “మా నాన్నకీ ఉండేది.” “ఆవకాయ మానలేకపోతున్నాను.” ఇవన్నీ నిజాలే కావచ్చు. మాత్రలు సగం రోజులు మింగకపోవడం అన్నింటికన్నా పెద్ద నిజం. అది నా స్ట్రిప్పుల లెక్కలోనే తెలిసిపోతుంది. కానీ మాత్రలు సరిగ్గా వేసుకుని, ఉప్పు తగ్గించి, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచి కూడా బీపీ దిగనివాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: రాత్రి నిద్ర ఎలా ఉంది? అది కూడా ఆ మనిషిని అడిగితే లాభం లేదు. పక్కన పడుకునేవాళ్లను అడగాలి. మందులతో లొంగని బీపీకి ఇంకో మందు కలిపే ముందు భార్యను లోపలికి పిలిచి గురక గురించి అడగాలన్నదే నా వాదన.

నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. చీటీలో ఒక్క అక్షరం మార్చమని నేను ఎవరికీ చెప్పను. ఇది చదివి “గురకే కారణమట” అని మాత్రలు మానేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆ పని చేయకండి.

మా షాపుకి చాలా ఏళ్లుగా వచ్చే ఒకావిడ ఉంది. భర్తది షిఫ్టు డ్యూటీ. మందులు ఎప్పుడూ ఆవిడే తీసుకెళ్తుంది.

“అన్నయ్యా, మళ్లీ మాత్ర మార్చారు. పైది 170 ఉందట.”

“ఉప్పు తగ్గించారామ్మా?”

“పచ్చడి జాడీ అటకెక్కించేశాను. ఇంకేం తగ్గించను? అసలు ఆయన నిద్రపోతే నాకు భయమేస్తోంది అన్నయ్యా. అంత గురకా ఠక్కున ఆగిపోతుంది. ఊపిరి లేదేమో అనిపిస్తుంది. తట్టి లేపుతాను. అప్పుడు నీళ్లలోంచి లేచినట్టు ఒక్కసారి పీలుస్తారు.”

“ఈ సంగతి డాక్టరు గారికి చెప్పారా?”

“నన్నెవరు అడిగారు? నేను బయట బెంచీ మీద కూర్చుంటాను కదా.”

ఆ బెంచీ మీదే నాకు కోపం. జబ్బుకు ఏకైక సాక్షి బయట కూర్చుంటుంది. లోపల కూర్చున్న మనిషికి తన గురక తనకు వినపడదు, ఊపిరి ఆగినట్టు తెలియదు, లేచినట్టు గుర్తుండదు. “నిద్ర బాగా పడుతుందా?” అని డాక్టరు అడిగినా “పడుకుంటే లేవనండీ, మొద్దు నిద్ర” అని గర్వంగా చెప్తాడు. మన ఇళ్లలో గురక అంటే నవ్వులాట. పెళ్లిళ్లలో విడిదింట్లో, గోదావరి ఎక్స్‌ప్రెస్ థర్డ్ ఏసీలో, ఎక్కడ విన్నా కుంభకర్ణుడి జోకు ఒకటి పడాల్సిందే. బాగా గురక పెట్టేవాడు బాగా నిద్రపోతున్నాడని పెద్దవాళ్ల నమ్మకం. జరిగేది దాదాపు దానికి తలకిందులు. నిద్రలో ఇలా పదేపదే ఊపిరి ఆగే జబ్బు పేరు స్లీప్ అప్నియా.

పడుకోగానే అందరికీ గొంతు వెనక కండరాలు వదులవుతాయి. కొందరికి ఆ దారి ముందే ఇరుకు. మెడ చుట్టూ కొవ్వు ఉండొచ్చు, దవడ చిన్నదై వెనక్కి ఉండొచ్చు, టాన్సిల్స్ పెద్దవి కావచ్చు. కండరాలు వదలగానే అంగిలీ నాలుక మొదలూ కలిసి ఆ ఇరుకు దారిని మూసేస్తాయి. గాలి లోపలికి పోదు. ఛాతీ మాత్రం లాగుతూనే ఉంటుంది. ఇలా కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కపెడతారు. చాలామందికి 20, 30 సెకన్లు కూడా ఆగుతుంది. పూర్తిగా ఆగినవీ సగం ఆగినవీ కలిపి గంటకు 5 నుంచి 15 లోపు ఉంటే తేలికపాటిదని, 15 నుంచి 30 లోపు మధ్యస్థమని, 30 నుంచి తీవ్రమని అంటారు. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి పీక నొక్కి వదలడమే. రాత్రంతా.

గుండెకు ఏమవుతుందో అర్థం కావాలంటే ముక్కూ నోరూ గట్టిగా మూసుకుని ఒక్కసారి గాలి పీల్చబోయి చూడండి (బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వద్దు, ఊహించుకుంటే చాలు). ఛాతీ లోపలికి గుంజుకుపోతున్నట్టు ఉంటుంది కదా. ఆ గుంజుడు గుండె మీద కూడా పడుతుంది. లోపలి ఒత్తిడి పడిపోయి గుండె గోడలు బయటికి లాగబడతాయి. ఆ లాగుడుకు ఎదురీది రక్తాన్ని బయటికి నెట్టాలంటే గుండె ఎడమ కింది గది (ఎడమ జఠరిక) రెట్టింపు చాకిరీ చేయాలి. పలచటి పై గదులు సాగుతాయి. ఏళ్ల తరబడి సాగి సాగి అక్కడ లయ తప్పితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది. అందులోంచి రక్తపు గడ్డ కట్టి మెదడుకు వెళ్తే పక్షవాతం.

ఈలోపు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. పోయే ప్రాణాన్ని నిలబెట్టడానికి శరీరం అడ్రినలిన్ జాతి రసాయనాలను కుమ్మరిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. మెదడు ఒక్క క్షణం మేలుకుని గొంతు కండరాలను బిగిస్తుంది, ఊపిరి అందుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే బీపీ జివ్వున పైకి లేస్తుంది. తీవ్రమైన అప్నియా ఉన్నవాళ్లకు నిద్రలో పైది 200 దాటిన సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. ఆ మనిషి మాత్రం మళ్లీ గురకలోకి జారుకుంటాడు. అయితే ఈ ఉద్రేకం తెల్లవారగానే దిగిపోదు. పగలు మెలకువగా కూర్చున్నప్పుడు కూడా వీళ్ల నరాలు మిగతావాళ్లకన్నా బిగిసే ఉంటాయి. ఆక్సిజన్ అస్తమానం పడిపోతూ లేస్తూ ఉండడం వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. మనం పగలు మూడు మందులతో నాళాలను వదులు చేస్తుంటే రాత్రి ఇదంతా కలిసి మళ్లీ బిగిస్తోందన్నమాట.

ఇంకో చిక్కుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు దొరికే విశ్రాంతి అదే. అప్నియా ఉన్నవాళ్లలో చాలామందికి ఆ తగ్గుదల ఉండదు, కొందరికి ఇంకా పెరుగుతుంది కూడా. డాక్టరు దగ్గర పట్టీ కట్టి చూసేది పగటి బీపీ. రాత్రి సంగతి తెలియాలంటే 24 గంటల బీపీ పరికరం కట్టుకోవాలి. గుండెపోటు, పక్షవాతం ముప్పును క్లినిక్‌లో తీసిన అంకెకన్నా రాత్రి అంకే బాగా చెప్తుంది. మన దగ్గర ఆ పరికరం రాసేవాళ్లు తక్కువ.

రాత్రి పదేపదే పాసుకి లేవడం సంగతి కూడా చెప్పాలి. షాపులో ఇది రోజూ వినే మాట. యాభై దాటిన మగవాళ్లయితే ప్రోస్టేట్ అనుకుంటారు, మిగతావాళ్లు షుగర్ అనుకుంటారు. అవే కావచ్చు కూడా. కానీ ఇందాక చెప్పిన గుంజుడుకి గుండె పై గది సాగుతుంది కదా, అలా సాగినప్పుడు గుండె “ఒంట్లో నీరెక్కువైంది” అనుకుని ఒక హార్మోన్ వదులుతుంది. దాంతో మూత్రపిండాలు నీటిని బయటికి తోసేస్తాయి. గొంతులో అడ్డుకి బాత్రూమ్ దారి పట్టడమేమిటని నాకూ మొదట విచిత్రంగానే అనిపించింది. రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, పొద్దున తలనొప్పి, నోరెండిపోవడం, పగలు పేపరు చదువుతూ కునుకు, మందులకు లొంగని బీపీ. ఇవి ఒకేచోట కనిపిస్తే అనుమానించాలి.

ఉప్పు కూడా రెండు వైపులా దెబ్బ కొడుతుంది. బీపీ పెంచుతుందని అందరికీ తెలుసు. ఒంట్లో ఎక్కువైన నీరు పగలు నిలబడి పనిచేసేటప్పుడు కాళ్లలో చేరుతుంది. పడుకోగానే అదే నీరు మెడ వైపు జరిగి గొంతు దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. ఎండుచేపల పులుసు పెట్టిన రాత్రి గురక ఎక్కువగా ఉంటోందని ఎవరైనా అంటే నేను నవ్వను.

ఇదంతా ఊహ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర ఉద్యోగులను ఏళ్లపాటు గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, గంటకు 15 సార్లో అంతకు మించో ఊపిరి తడబడేవాళ్లకు నాలుగేళ్ల తర్వాత బీపీ ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లని తేలింది. మరుసటి ఏడాది టొరంటో వైద్యులు మందులకు లొంగని బీపీ ఉన్న 41 మందికి నిద్ర పరీక్ష చేస్తే 83 శాతం మందికి అప్నియా ఉంది. చిన్న అధ్యయనమే, అయినా ఆ అంకె చూశాక మూడు మందుల చీటీని మామూలుగా చూడలేను. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు 2005లో ఇంకో సంగతి చెప్పారు. గుండె ఆగి హఠాత్తుగా పోయినవాళ్లలో అప్నియా లేనివాళ్లు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 లోపు పోవడం 21 శాతమే, అప్నియా ఉన్నవాళ్లలో అది 46 శాతం. “నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు” అని మనం అనుకునే మరణాల్లో కొన్నింటి వెనక ఇదే ఉందేమో.

బప్పీ లహరి గుర్తున్నారు కదా, చిరంజీవి సినిమాలకు ఊపున్న పాటలు చేసిన ఆయన. 2022 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు వైద్యం చేసిన డాక్టరు చెప్పిన కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. ఆ వారం మా షాపులో ఒకరిద్దరు ఇదేమిటని అడిగారు. తర్వాత మామూలే.

“అది లావుగా ఉన్నవాళ్లకు వచ్చేది” అంటారు. లావు పెద్ద కారణమే, కాదనను. కానీ మన వాళ్ల దవడ నిర్మాణం వల్ల, పొట్ట దగ్గరా మెడ దగ్గరా కొవ్వు చేరే తీరు వల్ల తక్కువ బరువుకే ఇది రావచ్చు. టొరంటోలో మత్తు డాక్టర్లు 2008లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, వయసు 50 దాటిందా, మగవారా అనేవాటితో పాటు మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా అని ఉంటుంది. చొక్కా కాలరు సుమారు 16 సైజు. టేపు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నా వాదనకు అడ్డొచ్చే విషయాలు. గురక పెట్టే అందరికీ జబ్బు ఉండదు. జలుబు చేసినా గురక వస్తుంది, వెల్లకిలా పడుకున్నా వస్తుంది. మధ్యలో ఊపిరి ఆగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

రెండోది ఇంకా గట్టిది. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు ముక్కుకు మాస్కు పెట్టి, మోటారుతో గాలి ఒత్తిడి పంపి గొంతు దారి మూసుకోకుండా నిలబెట్టాడు. అంతకుముందు తీవ్రమైనవాళ్లకు మెడ దగ్గర రంధ్రం చేయడమే వైద్యం. ఆ సీప్యాప్ యంత్రం వాడితే ఊపిరి ఆగడం పోతుంది, అందులో వాదన లేదు. మరి గుండెపోట్లు తగ్గుతాయా? 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిని చూశారు. యంత్రం వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ గుండెపోటు, పక్షవాతం వంటి వాటిలో తేడా కనపడలేదు. యంత్రాలు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. నేను చెప్తాను, ఎందుకంటే అందులోనే ఇంకో అంకె కూడా ఉంది. వాళ్లు యంత్రం వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. రోజుకు రెండు పూటల మందు ఒక పూట వేసుకుని పనిచేయలేదంటే నేను ఒప్పుకోను. పైగా పగలు బాగా నిద్ర ముంచుకొచ్చేవాళ్లను ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. అలాగని యంత్రం గుండెపోటును ఆపుతుందని నిరూపణ అయినట్టు చెప్పడమూ తప్పే.

బీపీ మీద మాత్రం ఫలితం ఉంది, కొంచెమే. స్పెయిన్‌లో మందులకు లొంగని బీపీ ఉన్న 194 మంది మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో 12 వారాలకు 24 గంటల సగటు బీపీ సుమారు 3 పాయింట్లు తగ్గింది. ఎక్కువ గంటలు వాడినవాళ్లకు ఎక్కువ తగ్గింది. మూడు పాయింట్లేనా అనిపించొచ్చు. అందుకే ఇది మాత్రలకు బదులు కాదు, మాత్రలకు తోడు అంటున్నాను.

ఆ అన్నయ్యా అనే ఆవిడ ఈసారి భర్తతో పాటు లోపలికి వెళ్లి చెప్పింది. పరీక్షలో తీవ్రమైనదే అని వచ్చింది. ఆయనకు మాస్కంటే చిరాకు, అయినా చాలా రాత్రులు పెట్టుకుంటున్నాడు. మాత్రలు ఒక్కటీ తగ్గలేదు. కానీ పైది 140 చుట్టుపక్కలకు వచ్చింది, మధ్యాహ్నం బండి మీద తూగడం పోయింది. ఆవిడకు నిద్ర దొరికింది. ఆ చివరిదాన్ని పరిశోధనల్లో అరుదుగానే లెక్కేస్తారు గానీ నా దృష్టిలో పెద్ద ఫలితమే.

డబ్బు సంగతి దాచడం ఎందుకు, యంత్రం ఖరీదు పదుల వేలల్లోనే. నిద్ర పరీక్షకు వేలల్లో అవుతుంది. అందరికీ యంత్రమే అక్కర్లేదు కూడా. తేలికపాటిదైతే పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం దంత వైద్యుడితో చేయించుకోవడం లాంటివి పనిచేస్తాయి. బరువు పదో వంతు తగ్గితే ఊపిరి ఆగడం పావు వంతు వరకూ తగ్గుతుందని లెక్క. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికాలో ఊబకాయంతో పాటు అప్నియా ఉన్నవాళ్లకు అనుమతించారు. అప్పటి నుంచి “ఆ ఇంజెక్షన్ ఉందా?” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. డాక్టరు రాయకుండా అడిగితే మా దగ్గర లేనట్టే.

చీటీ లేకుండా అడిగే ఇంకో సరుకు నిద్రమాత్ర. ఇది నన్ను బాగా విసిగించే విషయం. రాత్రంతా ఊపిరాగి లేచి, లేచి పడుకునేవాడికి పొద్దున అలసటగా ఉంటుంది. “నిద్ర చాలట్లేదు, ఒక అల్‌ప్రాజోలామ్ ఇవ్వు గురూ” అంటాడు. అప్నియా ఉన్నవాడికి అలాంటి మాత్ర గొంతు కండరాలను ఇంకా వదులు చేయగలదు, ఊపిరి ఆగినప్పుడు లేపే మెదడును ఇంకా మత్తులో ఉంచగలదు. రాత్రి రెండు పెగ్గులు వేసి పడుకున్నా అంతే. “మందు కొడితే హాయిగా నిద్ర” అనేవాడి ఇంట్లోవాళ్లను అడగండి, ఆ రాత్రుళ్లు గురక ఎలా ఉంటుందో.

ఇక అసలు సాక్షే లేనివాళ్లు. మా వైపు సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి ఇంటికొచ్చేవాళ్లు బోలెడుమంది. పొద్దున టిఫిన్ తిని కిటికీలకు దుప్పట్లు కట్టి పడుకుంటారు. అప్పటికి భార్య ఉద్యోగానికి, పిల్లలు స్కూలుకి. వాళ్ల గురక ఫ్యాను తప్ప ఎవరూ వినరు. క్రేన్ నడిపేవాళ్లు, పోర్టు లారీలు తోలేవాళ్లు తెలిసినా చెప్పరు, అన్‌ఫిట్ అంటారేమోనని. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ స్టీరింగ్ ముందు కునుకు బీపీ లాగా పదేళ్లు ఆగదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. మగాడి గురక జోకు, ఆడదాని గురక సిగ్గు. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో అప్నియా బాగా పెరుగుతుంది. చాలామంది గురక అని చెప్పరు. నిద్ర పట్టట్లేదని, నీరసమని, తలనొప్పని చెప్తారు. దానికి ఐరన్ మాత్రలు, విటమిన్లు, అవసరమైతే “ఎక్కువ ఆలోచించకమ్మా” అనే సలహా. ఆ భర్తకు పక్కనే బాంబు పడినా మెలకువ రాదు, ఇక సాక్ష్యమేం చెప్తాడు? భర్త పోయి ఒంటరిగా పడుకునే పెద్దావిడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇల్లిల్లూ తిరిగి ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తున్నారు. ఆ కాగితంలోనే గురకా ఊపిరి ఆగడం గురించి ఒక గడి పెడితే పైసా ఖర్చు ఉండదు. వంటింట్లో ఉన్న మనిషిని పిలిచి అడిగితే ఒక్క నిమిషంలో జవాబొస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆరోగ్యానికి ముఖ్యమైన వాటిలో నిద్రను 2022లోనే చేర్చుకుంది. మనం సిగరెట్టు అలవాటుందా అని అడిగినంత మామూలుగా ఇది అడగడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో.

అంతవరకు ఫోనుంది. మంచం పక్కన పెట్టి రికార్డింగ్ ఆన్ చేసుకోండి, సి షిఫ్టు వాళ్లయితే పగలే. గురక సాగి సాగి ఆగిపోయి, నిశ్శబ్దం తర్వాత గుక్కపట్టినట్టు పీల్చిన చోటు ఒకటి దొరికితే చాలు. నిద్ర చివరి గంటల్లో ఇది ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వెతకండి. ఆ ముక్కను కత్తిరించి పెట్టుకుని, బీపీ చీటీతో పాటు మీ డాక్టరుకో ఊపిరితిత్తుల డాక్టరుకో వినిపించండి. రెండు నిమిషాలది చాలు, రాత్రంతటిదీ వినే ఓపిక ఏ డాక్టరుకూ ఉండదు.